డిగ్రీ తర్వాత స్కూల్ లైబ్రేరియన్ కావాలంటే: ఏ కోర్సు చెయ్యాలి, ఆ కోర్సులో దొరకనిదేమిటి

ప్రశ్న: "బీఏ పూర్తయింది, వయసు 29. ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చేస్తున్నాను. లైబ్రరీ తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. పిల్లలకు పుస్తకాలిచ్చే పని నాకు చాలా నచ్చింది. అర్హత ఉన్న లైబ్రేరియన్ కావాలంటే బీఎల్‌ఐఎస్సీ సరిపోతుందా, ఎంఎల్‌ఐఎస్సీ కూడా చెయ్యాలా? దూరవిద్యలో చేస్తే చెల్లుతుందా? బీఈడీ, టెట్ కావాలా? టెక్సస్‌లో ఉన్న మా వదిన కూడా ఇదే ఆలోచనలో ఉంది. అక్కడ పద్ధతి వేరంటున్నారు, నిజమేనా?"

ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను. బీఎల్‌ఐఎస్సీ, అంటే లైబ్రరీ సైన్స్ బ్యాచిలర్ డిగ్రీ, సరిపోతుంది. స్కూల్ ఉద్యోగానికి ఎంఎల్‌ఐఎస్సీ, అంటే దాని పై మాస్టర్స్, తప్పనిసరి కాదు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో దూరవిద్యగా చేసినా చెల్లుతుంది. లైబ్రేరియన్ పోస్టుకు బీఈడీ, టెట్ అడగరు. అమెరికాలో పద్ధతి నిజంగానే వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

నేను చాలా ఏళ్లు కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్‌గా పని చేశాను. కొత్తగా చేరిన లైబ్రేరియన్లు చాలామందిని దగ్గర నుంచి చూశాను. వాళ్లలో కష్టపడి చదవని వాళ్లు లేరు. అయినా మొదటి ఏడాది దాదాపు అందరూ ఒకేలా తడబడ్డారు. దానికి కారణం వాళ్లు కాదు. మన లైబ్రరీ సైన్స్ కోర్సు తయారైంది కాలేజీ, యూనివర్సిటీ, పరిశోధన సంస్థల లైబ్రరీల కోసం. మూడో తరగతి పిల్లవాడు ఎదురుగా నిలబడితే ఏం చెయ్యాలో ఆ కోర్సు దాదాపు చెప్పదు. అది మీరు వేరేగా నేర్చుకోవాలి. ఇంత పెద్ద జవాబు రాస్తున్నది ఆ భాగం కోసమే.

మొదట అర్హత సంగతి. మన దేశంలో స్కూల్ లైబ్రేరియన్‌కు ప్రభుత్వం విడిగా ఇచ్చే లైసెన్సు లాంటిది ఏదీ లేదు. టీచర్లకు టెట్ ఉన్నట్టు మనకు ఏ పరీక్షా లేదు. యూనివర్సిటీ ఇచ్చే లైబ్రరీ సైన్స్ పట్టానే మన సర్టిఫికెట్. ఏదైనా డిగ్రీ తర్వాత ఒక సంవత్సరం చదివితే బీఎల్‌ఐఎస్సీ. దాని మీద ఇంకో సంవత్సరం చదివితే ఎంఎల్‌ఐఎస్సీ. కొన్ని యూనివర్సిటీలు రెండూ కలిపి రెండేళ్ల ఎంఎల్‌ఐఎస్సీగా నడుపుతున్నాయి. మీ బీఏ మీద ఇవన్నీ చెయ్యొచ్చు. సైన్స్ డిగ్రీయే ఉండాలన్న నియమం లేదు.

కేంద్రీయ విద్యాలయ సంగఠన్ నోటిఫికేషన్‌లో లైబ్రేరియన్‌కు అడిగేది ఇది: లైబ్రరీ సైన్స్‌లో బ్యాచిలర్ డిగ్రీ, లేదా డిగ్రీతో పాటు గుర్తింపు ఉన్న సంస్థ నుంచి ఒక ఏడాది లైబ్రరీ సైన్స్ డిప్లొమా. దాంతో పాటు కంప్యూటర్ పని తెలిసి ఉండాలి. జీతం ఏడో పే లెవెల్, అంటే మూల వేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. వయోపరిమితి 35. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది. 2022 డిసెంబరు నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి 355 లైబ్రేరియన్ పోస్టులు ఇచ్చారు. నవోదయ విద్యాలయాల్లో, ఏకలవ్య మోడల్ స్కూళ్లలో కూడా లైబ్రేరియన్ పోస్టులు ఉన్నాయి, అర్హత కూడా ఇంచుమించు ఇదే. తెలంగాణలో గురుకుల నియామక బోర్డు 2023లో స్కూల్ లైబ్రేరియన్ పోస్టులే 434 ప్రకటించింది. ఇలాంటి నోటిఫికేషన్లు ఏటా రావు. వచ్చినప్పుడు పట్టా చేతిలో ఉన్నవాళ్లకే పనికొస్తాయి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. మన రెండు రాష్ట్రాల్లో సీఎల్‌ఐఎస్సీ అనే కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఇంటర్ అయినవాళ్లు కూడా చేస్తారు. జిల్లా గ్రంథాలయ సంస్థల్లో కింది స్థాయి పోస్టులకు అది పనికొస్తుంది. "సర్టిఫికెట్" అన్న మాట చూసి, "తొందరగా అయిపోతుంది కదా" అని అందులో చేరి, తర్వాత కేంద్రీయ విద్యాలయ నోటిఫికేషన్ చూసి బాధపడినవాళ్లు నాకు తెలుసు. అది ఒక ఏడాది డిప్లొమా కిందకు రాదు. మీకు ఎలాగూ బీఏ ఉంది కాబట్టి నేరుగా బీఎల్‌ఐఎస్సీకే వెళ్లండి.

రెగ్యులరా, దూరవిద్యా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకోవాలి. రెగ్యులర్ అయితే తెలంగాణలో సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఉస్మానియా లాంటి చోట సీటు తెచ్చుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీజీసెట్ ప్రవేశ పరీక్ష నోటిఫికేషన్‌లో ఏ యూనివర్సిటీలో ఏ కోర్సు ఉందో చూసుకోండి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే లైబ్రరీ సైన్స్ డిప్లొమా మొదలుపెట్టింది. దేశంలో ఈ చదువు తొలినాళ్లలోనే మొదలైన చోట్లలో అదొకటి. దూరవిద్య అయితే హైదరాబాద్‌లోని డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని ఇగ్నో, ఈ రెండింటిలో ఏది చేసినా ఇబ్బంది లేదు. మరే యూనివర్సిటీ పేరు విన్నా, మీరు చేరే సంవత్సరానికి, ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో స్వయంగా చూసుకోండి. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, ఆ కోర్సుకు ఉండటం వేరు. "సార్, పరీక్ష మేమే చూసుకుంటాం" అనే స్టడీ సెంటర్ల జోలికి అస్సలు వెళ్లకండి. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు.

మీరు ఇప్పటికే స్కూల్లో పని చేస్తున్నారు, లైబ్రరీ చేతిలో ఉంది. నా ఓటు దూరవిద్యకే. రెగ్యులర్ కోర్సులో చేరేవాళ్లకు లేని ఒక సౌకర్యం మీకు ఉంది: పొద్దున చదివిన పాఠాన్ని సాయంత్రం మీ బీరువాల మీద చేసి చూడొచ్చు. కాకపోతే దూరవిద్యలో ప్రాక్టికల్ తరగతులు తక్కువ. వాటికి మాత్రం సెలవు పెట్టుకుని అయినా తప్పకుండా వెళ్లండి. వర్గీకరణ (పుస్తకాలను విషయాన్ని బట్టి విడదీసి నంబరు వెయ్యడం), సూచీకరణ (పుస్తకాల వివరాలతో క్యాటలాగ్ తయారు చెయ్యడం) పుస్తకం చదివితే వచ్చేవి కావు, చేతితో చేస్తేనే వస్తాయి.

కోర్సులో ఏముంటుందో కొంచెం చెప్తాను. డాక్టర్ ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాలతో మొదలవుతుంది. పుస్తకాలున్నది వాడుకోవడానికే. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. పాఠకుడి సమయం వృథా చెయ్యకూడదు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి. ఆయన లెక్కల మాస్టారిగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయినాయన. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12నే మనం లైబ్రేరియన్ల దినోత్సవంగా చేసుకుంటాం. ఈ ఐదు సూత్రాలు పరీక్షలో మార్కులకు మాత్రమే అనుకోకండి. ఉద్యోగంలో గొడవ వచ్చిన ప్రతిసారీ నేను మొదటి సూత్రాన్నే ఆధారం చేసుకున్నాను.

తర్వాత వర్గీకరణ. 1876లో మెల్విల్ డ్యూయీ మొదలుపెట్టిన దశాంశ పద్ధతి, 1933లో రంగనాథన్ తెచ్చిన కోలన్ పద్ధతి, రెండూ నేర్పుతారు. ప్రాక్టికల్‌లో ఒక పుస్తకం పేరు ఇచ్చి నంబరు కట్టమంటారు. "భారతదేశంలో పాఠశాల గ్రంథాలయాలు" అని ఇచ్చారనుకోండి. పాఠశాల గ్రంథాలయాలకు డ్యూయీలో 027.8. దానికి దేశాన్ని చేర్చడానికి 09, భారతదేశానికి 54 కలిపితే 027.80954 అవుతుంది. మొదట భయంగా ఉంటుంది. నెల రోజులు రోజూ కాసేపు చేస్తే చెయ్యి తిరుగుతుంది. సూచీకరణలో ఆంగ్లో అమెరికన్ నియమాలు, పుస్తకం వివరాలను కంప్యూటర్‌లో ఎక్కించే మార్క్ 21 ఫార్మాట్ వస్తాయి. ఇంకా రిఫరెన్స్ పుస్తకాలు, లైబ్రరీ నిర్వహణ, కంప్యూటర్ అప్లికేషన్లు. సాఫ్ట్‌వేర్లలో కోహా, ఈ-గ్రంథాలయ బాగా నేర్చుకోండి. కోహా న్యూజిలాండ్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఈ-గ్రంథాలయ మన కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ తయారు చేసింది, కేంద్రీయ విద్యాలయాల్లో చాలాచోట్ల అదే వాడతారు.

ఇదంతా అవసరమే, కాదనను. కానీ స్కూల్లోకి వచ్చాక ఏమవుతుందో చూడండి. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం మొత్తానికి 894.827. కథలు, నవలలు 894.8273. మీ స్కూల్లో ఉన్న తెలుగు కథల పుస్తకాలన్నీ, పేజీకి రెండు వాక్యాలున్న బొమ్మల పుస్తకం దగ్గర నుంచి మూడు వందల పేజీల నవల దాకా, ఆ ఒక్క నంబరు కిందే వస్తాయి. పెద్దల లైబ్రరీలో అది బాగానే ఉంటుంది. రెండో తరగతి పిల్లకు ఆ నంబరు ఎందుకు? ఆ పిల్లకు తెలియాల్సింది "ఇది నేను చదవగలనా" అన్నది ఒక్కటే. అందుకే పిల్లల అల్మరాల్లో చదివే స్థాయిని బట్టి రంగు స్టిక్కర్లు పెట్టాలి. డ్యూయీ నంబరు రిజిస్టర్‌లో, కంప్యూటర్‌లో ఉండనివ్వండి. పుస్తకం వెన్ను మీద మాత్రం ఎర్ర చుక్క, పచ్చ చుక్క, నీలం చుక్క. ఇది ఏ కోర్సులోనూ నాకు చెప్పలేదు. పిల్లలు పుస్తకం తీసి, రెండు పేజీలు తిప్పి, మళ్లీ పెట్టేసి వెళ్లిపోవడం చూసి చూసి చేసిన ఏర్పాటు ఇది.

ఇంకో విషయం, మన రాష్ట్రాల్లో ఇది చాలా పెద్దది. ఇంగ్లీషు మీడియంలో చదువుతున్న తెలుగు పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చినా తెలుగు కూడబలుక్కుని చదువుతున్నారు. వాళ్లకు ఒకటో తరగతి పుస్తకం ఇస్తే చిన్నతనంగా అనిపిస్తుంది, పక్కవాళ్లు నవ్వుతారన్న భయం. ఎనిమిదో తరగతి స్థాయి పుస్తకం ఇస్తే మొదటి పేజీలోనే ఆగిపోతారు. వీళ్లకు కావాల్సింది అక్షరాలు పెద్దగా, వాక్యాలు చిన్నగా ఉండి, విషయం మాత్రం పద్నాలుగేళ్ల వయసుకు తగినట్టు ఉండే పుస్తకం. జీవిత చరిత్రలు, సైన్స్ ప్రయోగాలు, క్రికెటర్ల కథలు, అడవి జంతువుల గురించి రాసినవి. అలాంటివి తెలుగులో తక్కువే, వెతికి తెచ్చుకోవాలి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ జాబితాలు తెప్పించుకుని ఒక్కో పుస్తకం మీరే చదవండి. అవును, మీరే చదవాలి. పిల్లల పుస్తకాలు చదవని స్కూల్ లైబ్రేరియన్ పిల్లలకు ఏమీ సిఫార్సు చెయ్యలేరు. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింటు కూడా తీసుకోవచ్చు. బడ్జెట్ లేని స్కూల్‌కు అది పెద్ద ఆసరా.

పిల్లలకు పైకి చదివి వినిపించడం కూడా మీ పనే. చాలామంది లైబ్రేరియన్లు ఇది టీచర్ల పని అనుకుంటారు. వారానికి ఒక లైబ్రరీ పీరియడ్ ఉంటే, అందులో మొదటి పది నిమిషాలు ఒక పుస్తకం పట్టుకుని బొమ్మలు చూపిస్తూ చదవండి. కథ పూర్తి చెయ్యక్కర్లేదు. ఆసక్తి పుట్టే చోట ఆపి, పుస్తకం బల్ల మీద పెట్టెయ్యండి. ఆ రోజు ఆ పుస్తకం కోసం నలుగురు పోటీ పడతారు. మిగతా పీరియడ్‌లో వాళ్లంతట వాళ్లు చదువుకోనివ్వండి. కథ చదివాక సారాంశం రాయమనడం, నీతి ఏమిటని అడగడం మొదలుపెడితే పిల్లలు లైబ్రరీని కూడా ఇంకో క్లాసుగానే చూస్తారు. నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది: బుక్ రివ్యూ నోట్సు తప్పనిసరి చేసిన చోట పిల్లలు అన్నిటికంటే సన్నటి పుస్తకాన్నే ఏరుకుంటారు.

ఈ వైపు శిక్షణ కావాలంటే దారి ఉంది. టాటా ట్రస్ట్స్ వాళ్ల పరాగ్ అనే విభాగం పిల్లల లైబ్రరీల కోసమే కొన్ని నెలల కోర్సు నడుపుతోంది. పేరు లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు, ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. ఉద్యోగ అర్హతకు అది లెక్కలోకి రాదు. కానీ బీఎల్‌ఐఎస్సీలో లేనిది ఏదైతే చెప్పానో, అది అక్కడ దొరుకుతుంది. బీఎల్‌ఐఎస్సీ అయ్యాక ఎంఎల్‌ఐఎస్సీయా, ఇదా అని అడిగితే, స్కూల్లోనే ఉండదలచుకున్నవాళ్లకు ముందు ఇదే చెయ్యమంటాను.

ఇప్పుడు తాళాల సంగతి. మీ దగ్గరే లైబ్రరీ తాళాలు ఉంటాయన్నారు కదా, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన స్కూళ్లలో లైబ్రరీలు ఎందుకు మూసి ఉంటాయి? పుస్తకాలు లేక కాదు. పోతే ఎవరు కట్టాలి అన్న టెన్షన్ వల్ల. ఏడాది చివర స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం కనిపించకపోతే జీతంలో కోస్తారని పాతవాళ్లు కొత్తవాళ్లను భయపెడతారు. ఆ భయంతో అల్మరాలకు తాళం పడుతుంది, పిల్లలు అద్దంలోంచి చూసి వెళ్తారు. చాలామందికి తెలియని సంగతేమిటంటే, కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ నియమం ఈ భయాన్ని ముందే ఊహించింది. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని ఆ నియమం ఒప్పుకుంటుంది. నిర్లక్ష్యం, మోసం ఉండకూడదు, అంతే. వెయ్యి రూపాయలకు పైన ధర ఉన్న పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ తప్పదు.

ఇందులో ఒక ముఖ్యమైన అర్థం ఉంది, గమనించండి. లెక్క అల్మరాలో ఉన్న పుస్తకాల మీద కాదు, పిల్లలు వాడిన పుస్తకాల మీద. ఎంత ఎక్కువ ఇస్తే అంత ఎక్కువ నష్టాన్ని నియమమే భరిస్తుంది. తాళం వేసి కూర్చున్న లైబ్రరీకే ఒక్క పుస్తకం పోయినా సమాధానం చెప్పుకోవడం కష్టం. ప్రైవేటు స్కూల్‌కు ఈ నియమం నేరుగా వర్తించదు. అయినా మీ ప్రిన్సిపల్ గారికి చూపించి, మన స్కూల్‌కు కూడా ఇలాంటిదొకటి రాసుకుందాం అని అడగండి. రాతపూర్వకంగా ఉంటే మీకు ధైర్యం. నేను కొత్తగా చేరినవాళ్లందరికీ మొదటి వారంలోనే ఆ నియమం జిరాక్స్ ఇచ్చి ఫైల్లో పెట్టుకోమనేదాన్ని.

అలాగే యాక్సెషన్ రిజిస్టర్, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి నమోదు చేసే పుస్తకం, పక్కాగా ఉండాలి. తెరిచిన లైబ్రరీకి రక్షణ తాళం కాదు, రిజిస్టరే. పుస్తకం వచ్చిన రోజే నంబరు వెయ్యండి. బిల్లు నంబరు, తేదీ, ధర రాయండి. చిరిగినవి, కాలం చెల్లినవి ఏటా కమిటీ పెట్టి, సంతకాలు తీసుకుని తీసెయ్యండి. పాత సిలబస్ గైడ్లు, ఎప్పటివో కంప్యూటర్ పుస్తకాలు అల్మరా నింపేస్తే కొత్తవి కనిపించవు. ఐదో సూత్రంలో ప్రాణి అన్నారంటే పనికిరానిదాన్ని వదిలించుకోవడం కూడా అందులో భాగమే.

ఉద్యోగాల విషయంలో మిమ్మల్ని అనవసరంగా ఆశపెట్టడం నాకు ఇష్టం లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ప్రతి స్కూల్లో లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండాలని రాశారు. లైబ్రేరియన్ ఉండాలని మాత్రం రాయలేదు. సమగ్ర శిక్ష కింద స్కూల్ స్థాయిని బట్టి పుస్తకాలకు ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రాంటు కూడా ఇచ్చే ఏర్పాటు పెట్టారు. పుస్తకాలకు డబ్బు ఉంది, వాటిని పిల్లల చేతికి చేర్చే మనిషికి పోస్టు లేదు. అందుకే జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఎక్కువ చోట్ల ఎవరో ఒక టీచర్‌కు అదనపు బాధ్యతగా లైబ్రరీ అప్పగిస్తారు. ఆ టీచర్‌కు క్లాసులే తలకు మించి ఉంటాయి. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపి, అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు ఊరూరా లైబ్రరీలు పెట్టించిన నేల మనది. అలాంటి చోట హైస్కూల్‌కు ఒక లైబ్రేరియన్ లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. మీరు కూడా ఈ రంగంలోకి వచ్చాక అడగాలి.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, ఏకలవ్య, గురుకులాలు: ఇవీ ప్రభుత్వ వైపు అసలైన అవకాశాలు. పోటీ గట్టిగానే ఉంటుంది. లైబ్రరీ సైన్స్ ఒక్కటే చదివితే చాలదు. ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్, రీజనింగ్, కంప్యూటర్, కేంద్ర పరీక్షలకైతే హిందీ కూడా చూసుకోవాలి. మన పిల్లలు చాలామంది హిందీలోనే మార్కులు పోగొట్టుకుంటారు, ఇప్పటి నుంచే రోజూ కాస్త చదవండి. రెండోది ప్రైవేటు వైపు. సీబీఎస్‌ఈ స్కూళ్లు, హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సిలబస్ స్కూళ్లు అర్హత ఉన్న లైబ్రేరియన్‌ను పెట్టుకుంటాయి. అంతర్జాతీయ స్కూళ్లలో మీ పట్టా కంటే పిల్లల పుస్తకాల గురించి మీకెంత తెలుసో ఎక్కువ అడుగుతారు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడాలి. జీతం స్కూల్‌ను బట్టి చాలా తేడాగా ఉంటుంది. చిన్న ప్రైవేటు స్కూల్లో టీచర్ కంటే తక్కువ ఇస్తామంటే, లైబ్రరీ పీరియడ్లు క్లాసులేనని గుర్తు చేసి మాట్లాడండి.

ఎంఎల్‌ఐఎస్సీ సంగతి. స్కూల్‌కు అక్కర్లేదన్నాను కానీ, వయసు, ఓపిక ఉంటే చేసెయ్యడమే మంచిది. జూనియర్, డిగ్రీ కాలేజీల పోస్టుల వైపు దారి తెరుచుకుంటుంది. దాని మీద యూజీసీ నెట్ రాస్తే యూనివర్సిటీల దాకా వెళ్లొచ్చు. స్కూల్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే ఏడాదిలో దూరవిద్యగా చేస్తే సమయం కూడా కలిసొస్తుంది. కాకపోతే ఒక మాట: కాలేజీ ఉద్యోగం దొరక్క, వేరే దిక్కు లేక స్కూల్‌కు వచ్చినవాళ్లు ఆ అసంతృప్తిని పిల్లల మీద చూపించడం నేను చూశాను. మీ ప్రశ్నలో "పిల్లలకు పుస్తకాలిచ్చే పని నచ్చింది" అని రాశారు. అది చూసే నాకు ఇంత రాయాలనిపించింది.

ఇక మీ వదిన గారి విషయం. అమెరికాలో స్కూల్ లైబ్రేరియన్‌కు రాష్ట్ర ప్రభుత్వమే సర్టిఫికెట్ ఇస్తుంది, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం. టెక్సస్‌లో నాలుగు ఉండాలి: మాస్టర్స్ డిగ్రీ, రెండేళ్ల క్లాస్‌రూమ్ టీచింగ్ అనుభవం, రాష్ట్రం ఆమోదించిన శిక్షణ కోర్సు, స్కూల్ లైబ్రేరియన్ పరీక్షలో ఉత్తీర్ణత. శిక్షణలో భాగంగా స్కూల్ లైబ్రరీలో ప్రాక్టికమ్, అంటే పర్యవేక్షణలో చేసే పని శిక్షణ, కూడా చెయ్యాలి. అంటే అక్కడ లైబ్రేరియన్ అంటే ముందు టీచర్. కాలిఫోర్నియాలో కూడా టీచింగ్ క్రెడెన్షియల్ (రాష్ట్రం ఇచ్చే టీచర్ అర్హత పత్రం) ఉన్నవాళ్లకే టీచర్ లైబ్రేరియన్ క్రెడెన్షియల్ ఇస్తారు. ఆమె డాలస్ వైపు ఉంటే, డెంటన్‌లోనే రెండు యూనివర్సిటీలు ఉన్నాయి: యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్, టెక్సస్ ఉమెన్స్ యూనివర్సిటీ. రెండింటి లైబ్రరీ సైన్స్ మాస్టర్స్‌కూ అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉంది, ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే చెయ్యొచ్చు.

ఆమె ముందుగా చెయ్యాల్సింది మన దేశపు డిగ్రీల విలువ కట్టించడం. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ కలిపితే అక్కడ మాస్టర్స్‌గా లెక్కిస్తారా, బ్యాచిలర్స్‌గానే లెక్కిస్తారా అన్నది మూల్యాంకనం చేసే సంస్థను బట్టి మారుతుంది. మాస్టర్స్‌గా ఒప్పుకుంటే ఇంకో మాస్టర్స్ చెయ్యకుండా లైబ్రేరియన్ శిక్షణ మాత్రమే తీసుకునే వీలుంటుంది. ఒప్పుకోకపోతే మాస్టర్స్ మొదటి నుంచి చెయ్యాలి. ఈ తేడా వేల డాలర్లలో ఉంటుంది కాబట్టి, ఏ కోర్సుకైనా ఫీజు కట్టకముందే ఆ రిపోర్టు తెప్పించుకోమనండి. రెండేళ్ల టీచింగ్ లేకపోతే ముందు టీచర్ సర్టిఫికెట్, ఉద్యోగం, తర్వాతే ఇది. వర్క్ పర్మిట్ ఉందో లేదో కూడా చూసుకోవాలి, డిపెండెంట్ వీసా మీద ఉంటే చదువుకు అడ్డు లేకపోయినా ఉద్యోగం చెయ్యడానికి అనుమతి వేరే కావాలి. ఆ లోపల స్కూల్ లైబ్రరీలో వాలంటీరుగా వెళ్తే పని తెలుస్తుంది.

మళ్లీ మీ దగ్గరకు వస్తాను. 29 అంటే 35కు ఇంకా టైముంది, కానీ రెండు నోటిఫికేషన్ల మధ్య కొన్నేళ్ల ఎడం రావచ్చు కాబట్టి ఈ ఏడాదే చేరండి. ఇంకో చిక్కు కూడా ముందే చెప్పి ఉంచుతాను. నోటిఫికేషన్‌లో అర్హత ఫలానా తేదీ నాటికి ఉండాలని రాస్తారు, ఎక్కువగా అది దరఖాస్తుకు చివరి తేదీ అవుతుంది. పరీక్షలు రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను అంటే కుదరదు. దూరవిద్యలో ఫలితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆలస్యంగా వస్తుంటాయి. కాబట్టి అసైన్‌మెంట్లు ఒక్కటి కూడా వాయిదా వెయ్యకుండా గడువులోపే పంపి రసీదు దాచుకోండి, ఫలితం రాగానే ప్రొవిజనల్‌కు అప్లై చెయ్యండి. మీరిప్పుడు చేస్తున్న లైబ్రరీ పనికి కూడా స్కూల్ లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం అడిగి తీసుకోండి. అందులో "ఆఫీసు అసిస్టెంట్" అని మాత్రమే కాకుండా లైబ్రరీ బాధ్యతలు, తేదీలతో సహా రాయించుకోండి. కేంద్ర పోస్టులకు అది తప్పనిసరి కాదు, కానీ ప్రైవేటు స్కూళ్ల ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే.